“తగ్గుతుంది” అంటే ఎంత?

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలై తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఎంతమంది డాక్టర్లకి చూపించుకుందో లెక్క లేదు గానీ, వాళ్ళందరూ ఆవిడకి చెప్పిన మాట మాత్రం ఒకటే: “తగ్గుతుందమ్మా.” ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చేది. బిళ్ళలు వేసుకునేది. పదిహేను, ఇరవై రోజులు చూసేది. ఆ తర్వాత మిగిలినవాటిని ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో పడేసి, “ఈయన మందు నాకు పడలేదు” అని తేల్చేసేది. పడలేదంటే ఏమిటమ్మా, అసలు ఏమీ తేడా లేదా అని అడిగితే, “తేడా ఉందిలే. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. కానీ తగ్గలేదుగా!” అనేది.

ఆ “తగ్గలేదుగా”లో ఉన్న తిరకాసు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

తెలుగులో జ్వరం తగ్గిందంటే జ్వరం పోయిందని. దగ్గు తగ్గిందంటే ఇక దగ్గు లేదని. అదే ఉల్లిపాయల ధర తగ్గిందంటే ఊరికే ఇస్తున్నారని ఎవరూ అనుకోరు. క్రియ ఒకటే. డాక్టరు ఉల్లిపాయల లెక్కన చెబుతాడు, అమ్మ జ్వరం లెక్కన వింటుంది. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుకుంటారు. మూడు వారాలకి ఆయన దృష్టిలో మందు పనిచేసినట్టు, ఈవిడ దృష్టిలో మందు ఓడిపోయినట్టు.

డాక్టర్ల లెక్క ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. దీర్ఘకాలిక నొప్పులకి ఏదైనా మందుని పరీక్షించేటప్పుడు, నొప్పి 30 శాతం తగ్గితే అది రోగికి చెప్పుకోదగ్గ మేలు కిందే లెక్క వేస్తారు. పది పాయింట్ల కొలత మీద ఏడు ఉన్న నొప్పి అయిదుకి దిగితే ఆ మందు నెగ్గినట్టే. సగానికి సగం దిగితే చాలా బాగా పనిచేసినట్టు. మూడు నెలలు దాటి వెంటపడే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అలాంటి నొప్పిని సున్నాకి దించే మందు ఉందని బాధ్యత ఉన్న ఏ డాక్టరూ అనుకోడు. ఈ సంగతి వైద్యులందరికీ తెలుసు. మా అమ్మకి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏడు నుంచి అయిదుకి దిగి, రాత్రి నిద్ర పట్టించిన ఆ బిళ్ళలు ఫ్రిజ్ మీదకి చేరేవి కావు.

నేను డాక్టర్ని కాను. విజయవాడలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అమ్మ మోకాళ్ళూ, ఆ తర్వాత నా నడుమూ కలిసి నన్ను ఈ చదువులోకి ఈడ్చాయి. ఇన్నేళ్ళ తిరుగుడు తర్వాత నాకు రూఢి అయిన సంగతి ఒకటి ఉంది. నొప్పి విషయంలో డాక్టరు నోటి మాట మందుచీటీలో రాయని మందు. దానికీ డోసు ఉంటుంది, సైడ్ ఎఫెక్టులు ఉంటాయి. దాన్ని మాత్రం కొలవకుండా ఇస్తున్నారు.

మొదటిసారి అమ్మని తీసుకెళ్ళింది నేనే. తెనాలి దగ్గర మా ఊరి నుంచి బస్సులో వచ్చింది. టోకెన్ నంబరు 64. రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీసి లైటుకి ఎదురుగా పట్టుకుని, మా వైపు చూడకుండానే, “గుజ్జు అరిగిపోయిందమ్మా. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. కింద కూర్చోవద్దు, మెట్లెక్కొద్దు, బరువులు ఎత్తొద్దు, ఎక్కువ నడవొద్దు” అన్నారు. అమ్మ, “తగ్గుతుందా బాబూ?” అంది. “తగ్గుతుంది, మందులు వాడండి. పూర్తిగా అరిగాక ఎటూ ఆపరేషనే” అన్నారు. బయటికొచ్చి వాచీ చూసుకున్నాను. మూడు నిమిషాలు కూడా కాలేదు.

గుజ్జు అరిగిపోవడం. ఈ మాట వినని తెలుగిల్లు ఉందా? మన దగ్గర చెప్పు అరుగుతుంది, టైరు అరుగుతుంది, రోలు అరుగుతుంది, గడప అరుగుతుంది. వాడేకొద్దీ అరగడం, అరిగింది మళ్ళీ రాకపోవడం, ఆ మాటలోనే ఉన్నాయి. అలాంటి మాట ఒకరి మోకాలికి తగిలించాక, ఆ మనిషి ఏం చేస్తుంది? అరిగిపోతున్న చెప్పుల్ని ఎలా దాచుకుంటామో అలా కాళ్ళని దాచుకుంటుంది. అమ్మ అదే చేసింది. వీధి చివర రామాలయానికి వెళ్ళడం మానేసింది. పీట తీసి అటక మీద పెట్టించింది. ధనుర్మాసం వస్తే ముగ్గు పక్కింటి పిల్లతో వేయించుకుని, తను వరండాలో కుర్చీలో కూర్చుని చుక్కలు లెక్కపెట్టి తప్పులు చెప్పేది. రెండేళ్ళలో తొమ్మిది కిలోలు పెరిగింది. తొడ కండలు జారిపోయాయి. నొప్పి అంతకుముందుకన్నా ఎక్కువైంది. ఇంకా అరిగింది కాబోలు అనుకుంది.

జరిగిందంతా ఆ పోలికతోనే వచ్చిన చిక్కు. మోకాలు టైరు కాదు. టైరులో ప్రాణం లేదు, ఇది ప్రాణమున్న కణజాలం. మోకీలులోని మృదులాస్థికి (మనం గుజ్జు అనేది దీన్నే) రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు, బరువు పడి లేచినప్పుడు అటూ ఇటూ కదిలే ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. అంటే కదలడమే దానికి తిండి. వాడితే అరిగేదే అయితే పరిగెత్తేవాళ్ళ మోకాళ్ళు అందరికన్నా ముందు పోవాలి. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, సరదాకి, ఆరోగ్యానికి పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళ జబ్బు 3.5 శాతం మందికి ఉంటే, పరిగెత్తనివాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. (పోటీల కోసం ప్రాణం పెట్టి పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం. కాబట్టి అతి పనికిరాదనేదీ నిజమే.) ఇంకొకటి. ఎక్స్‌రేలో కనిపించేదానికీ నొప్పికీ పొంతన అంతంతమాత్రం. ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా ఊరంతా తిరిగేవాళ్ళున్నారు, ఎక్స్‌రే బాగానే ఉన్నా మెట్టు దిగలేనివాళ్ళున్నారు. అందుకే బ్రిటన్‌లో వైద్యులకిచ్చే మార్గదర్శకాల్లో, 45 ఏళ్ళు దాటి, కదిలితే మోకాలు నొప్పెడుతూ, పొద్దున్నే ఉండే బిగుతు అరగంటలోపు విడిపోయేవాళ్ళకి మామూలుగా ఎక్స్‌రే లేకుండానే జబ్బు నిర్ధారించమని ఉంటుంది.

ఈ ఒక్క వాక్యం మన ఊళ్ళో ఏ డాక్టరైనా పాటించి చూడమనండి. “ఎక్స్‌రే కూడా తీయించలేదు, ఆయనేం డాక్టరు?” అని మనమే అంటాం. ఆ పాపంలో మన వాటా సంగతి తర్వాత చెబుతాను.

నా నడుం కథ వేరు. అమ్మని భయపెట్టింది నోటి మాటైతే, నన్ను భయపెట్టింది కాగితం. ఆరేళ్ళ కిందట నడుం పట్టేసి పది రోజులు వంగలేకపోయాను. ఎంఆర్‌ఐ తీయించమన్నారు. రిపోర్టు కౌంటర్లోనే చేతికిచ్చేశారు. డాక్టరు సాయంత్రం ఆరింటికి గానీ రారు. ఆటోలో కూర్చుని చదివాను. ఎల్4–ఎల్5 అనే నడుం పూసల దగ్గర డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం), డీజనరేటివ్ (క్షీణించే) మార్పులు, డిస్క్ డెసికేషన్. ఫోన్లో వెతికాను. డెసికేషన్ అంటే ఎండిపోవడమట. నలభై కూడా నిండకుండానే నా వెన్నుపూస ఎండిపోతోందని తెలుసుకుని, ఆ ఆటోలో ఏడ్చాను. సాయంత్రం డాక్టరుగారు, “ఇప్పుడే ఇలా ఉంటే ముందు ముందు కష్టం. డిస్క్ జారింది, నరం మీద పడితే కాలు పడిపోయే ప్రమాదం ఉంది, జాగ్రత్త” అని బెల్టు రాశారు.

ఆ రోజు నుంచి మూడేళ్ళ పాటు నేను మా అబ్బాయిని ఎత్తుకోలేదు. గ్యాస్ సిలిండరు సరే, బిందె కూడా ఎత్తలేదు. పప్పు డబ్బా కింద అరలో ఉంటే మా ఆయన్ని పిలిచేదాన్ని. నడుం వంగితే డిస్క్ పళ్ళెంలోంచి ఇడ్లీ జారినట్టు జారి బయట పడుతుందని నా ఊహ. తర్వాత తెలిసింది, డిస్క్ అలా జారే వస్తువే కాదు. పైనా కిందా వెన్నుపూసలకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. కొంచెం ఉబ్బుతుంది, ఒక్కోసారి లోపలి పదార్థం కాస్త బయటికి పొడుచుకొస్తుంది. అలా వచ్చినవి కూడా చాలావరకు కొన్ని నెలల్లో వాటంతట అవే కుంచించుకుపోతాయి. “జారింది” అనే మాట తెలుగులో ఎవరు మొదలుపెట్టారో గానీ, దాని దెబ్బకి వంగి చీపురు పట్టుకోవడానికి భయపడే మనుషులు ఎంతమందో.

ఇంకా తర్వాత తెలిసిన సంగతి నాకు కోపం తెప్పించింది. 1994లోనే అమెరికాలో నడుం నొప్పి అసలు లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. అందులో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్ళు మూడో వంతుకి కాస్త పైన, అంతే. 2015లో ఇలాంటి అధ్యయనాలు 33 కలిపి, నొప్పి లేని 3,110 మంది స్కాన్లు చూస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కుల్లో ఆ ‘డీజనరేటివ్’ మార్పులున్నాయి. ఎనభై ఏళ్ళకి 96 శాతం మందికి. తల నెరవడం లాంటిదన్నమాట. బార్బర్ షాపులో తల నెరిసినవాడికి “కేశ క్షీణత” అని చీటీ రాసిస్తే ఎలా ఉంటుందో నా రిపోర్టు అలా ఉంది. అందులో రాసింది అబద్ధం కాదు. కానీ ఆ వయసు మనుషుల్లో ఇది ఎంత మామూలో పక్కన ఒక్క లైను రాసి ఉంటే నాకు మూడేళ్ళు మిగిలేవి.

ఆ ఒక్క లైను ఎంత పని చేస్తుందో మన పక్కనే, కోయంబత్తూరు గంగా హాస్పిటల్లో పరీక్షించి చూశారు. వెన్నెముక వైద్యంలో పేరున్న డాక్టర్ రాజశేఖరన్ బృందం 2021లో ప్రచురించింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్నవాళ్ళని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి ఎంఆర్‌ఐలో ఉన్నవన్నీ ఉన్నవున్నట్టు వివరించారు. రెండో గుంపుకి, మీ స్కాన్ బాగానే ఉంది, కనిపించేవి వయసుతో వచ్చే మామూలు మార్పులే అని చెప్పారు. ఆరు వారాల తర్వాత చూస్తే, మొదటి గుంపువాళ్ళలో వెన్ను గురించిన భయం ఎక్కువ, నొప్పి తగ్గడం తక్కువ, పనులు చేసుకునే సత్తువ తక్కువ. రెండు గుంపుల మధ్యా తేడా ఆ చెప్పిన తీరే. అదే అధ్యయనంలో రిపోర్టుల భాష మార్చి వైద్యుల చేతికే ఇచ్చినప్పుడు, వైద్యుల అంచనాలు కూడా మారాయి. డాక్టర్లని కూడా ఆ భాష భయపెడుతుందన్నమాట! ఇది చదివాక నాకెందుకో మా డాక్టరుగారి మీద కోపం సగం తగ్గింది. (ఉల్లిపాయల లెక్కన.)

మాటకీ నొప్పికీ ఏమిటి సంబంధం, మాటతో నొప్పి వస్తుందా పోతుందా అని మా ఆయన ఇప్పటికీ అంటారు. ఆయనకి నేను చెప్పే కథ ఒకటుంది. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. భవన నిర్మాణ పని చేసే 29 ఏళ్ళ కుర్రాడు పైనుంచి దూకితే పదిహేను సెంటీమీటర్ల మేకు బూటు అడుగు నుంచి పైకి దిగబడింది. కొంచెం కదిపినా కేకలు. మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి మేకు లాగి, బూటు విప్పి చూస్తే, మేకు రెండు వేళ్ళ సందులోంచి పోయింది. పాదానికి గీత కూడా పడలేదు. ఆ కుర్రాడు నటించలేదు. అతని నొప్పి నొప్పే. ఒంటికి ప్రమాదం ఉందని మెదడు గట్టిగా నమ్మినప్పుడు అది నొప్పి పుట్టిస్తుంది. ఆ నమ్మకం కంటితో రావచ్చు, చెవితో కూడా రావచ్చు.

చెవితో వచ్చేదానికి కూడా లెక్కలున్నాయి. కాన్పుకి వచ్చిన 140 మంది ఆడవాళ్ళకి నడుముకి మత్తు ఇచ్చేముందు సగం మందికి, “పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, అన్నిటికన్నా బాధగా ఉండేది ఇదే” అని, మిగతా సగం మందికి, “ఈ మందుతో ఇక్కడ మొద్దుబారుతుంది, మీకు హాయిగా ఉంటుంది” అని చెప్పారు. సూది అదే, మందు అదే. తేనెటీగ మాట విన్నవాళ్ళు చెప్పిన నొప్పి పదికి 5, రెండోవాళ్ళు చెప్పింది 3. ఇది 2010 నాటిది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ప్రయోగం ఇంకా విచిత్రం. కాలికి వేడి తగిలించి, సెలైన్‌లో గట్టి నొప్పి మందు ఎక్కించారు. మందు మొదలైందని చెప్పకుండా ఎక్కిస్తే కొంత ఉపశమనం. మొదలుపెట్టాం అని చెప్పగానే ఉపశమనం రెండింతలు. ఆ తర్వాత మందు అదే మోతాదులో ఎక్కుతుండగానే “ఇప్పుడు ఆపేశాం, నొప్పి పెరగొచ్చు” అన్నారు. ఉపశమనం మొత్తం మాయం. మందు నరంలో పారుతూనే ఉంది, మాట దాన్ని కొట్టేసింది.

ఇక్కడ ఒక గోతి ఉంది. ఇదంతా విని కొందరు డాక్టర్లు, అంతకన్నా ఎక్కువమంది బంధువులు, “అయితే అంతా నీ మనసులోనే ఉందన్నమాట” అంటారు. మా అమ్మతో ఒకాయన, “ఎక్స్‌రేకి మించి చెబుతున్నారు మీరు. టెన్షన్ తగ్గించుకోండి మామ్మగారూ” అన్నారు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. “నేను నాటకాలాడుతున్నానంటాడా?” అని. అరిగిపోయిందని చెప్పడం భయపెడుతుంది, నీ ఊహే అని చెప్పడం అవమానిస్తుంది. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించుకున్నప్పుడు, ఒంట్లో దెబ్బ ఉన్నా లేకపోయినా నొప్పి అనుభవం నొప్పి అనుభవమేననీ, నాకు నొప్పిగా ఉందని మనిషి చెబితే దాన్ని గౌరవించాలనీ స్పష్టంగా రాసింది. నొప్పి నిజం. దాని వెనక చెప్పుకున్నంత విధ్వంసం లేకపోవడమూ నిజం. ఈ రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పగలిగే డాక్టరు దొరకడం అదృష్టం.

అసలు ఏమీ చెప్పకపోవడం ఇంకో రకం. అమ్మకి ఒకసారి రాత్రిపూట వేసుకోమని అమిట్రిప్టిలిన్ చిన్న బిళ్ళ రాశారు. ఎందుకో చెప్పలేదు. మా పిన్ని కొడుకు పేరు చూసి, “ఇది డిప్రెషన్ మందు పెద్దమ్మా, నీకు పిచ్చి అనుకుంటున్నారు” అన్నాడు. ఆ అట్ట అలాగే చెత్తబుట్టలోకి. డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు కన్నా చాలా తక్కువలో అదే మందుని నరాల నొప్పులకి దశాబ్దాలుగా వాడుతున్నారు. “దీని మీద వేరే జబ్బు పేరు కనిపిస్తుంది, కంగారు పడకండి. మీకిచ్చింది నొప్పిని మెదడు దాకా మోసే తీగల్ని శాంతింపజేయడానికి. వారం రోజులు నోరెండుతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది” అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చదివి చూశాను, పదిహేను సెకన్లు.

భయపెట్టేవాళ్ళ సంగతి సరే, ఆశపెట్టేవాళ్ళ సంగతి? విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే దారిలో బోర్డులు చదువుకుంటూ వెళ్ళండి. ఆపరేషన్ లేకుండా మోకాళ్ళ నొప్పుల నుంచి శాశ్వత విముక్తి. ఒక్క ఇంజెక్షన్‌తో కొత్త గుజ్జు. గ్యారంటీ. నాకు ఈ రెండు రకాలవాళ్ళూ పోటీదారుల్లా కనిపించరు, వ్యాపార భాగస్వాముల్లా కనిపిస్తారు. గుజ్జు అరిగిందని ఒకరు చెబితేనే కదా గుజ్జు పోస్తామని ఇంకొకరు అమ్మగలిగేది. అమ్మకి ఆ గుజ్జు ఇంజెక్షన్ కూడా అయింది. గాజులు తాకట్టు పెట్టాల్సినంత కాదు గానీ, నా నెల జీతంలో మూడో వంతు. బ్రిటన్ మార్గదర్శకాలు ఆ హయలురోనిక్ ఇంజెక్షన్ ఇవ్వొద్దనే అంటాయి. మూడు వారాలు బాగుంది, నాలుగో వారానికి మామూలే. డబ్బు పోయినందుకు కన్నా, ఆ తర్వాత ఎవరేం చెప్పినా నమ్మకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయాం. అంత ఖరీదైన సూదికే పోనిది, కుర్చీలో కూర్చుని కాలు చాపి దించితే పోతుందా అని అమ్మ వాదన. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మోకీలు మార్పిడి గురించి కూడా ఇలాగే మాట్లాడతారు. అది మంచి ఆపరేషనే, మా పెదనాన్నగారు చేయించుకుని పొలం గట్ల మీద తిరుగుతున్నారు. కానీ చేయించుకున్న అయిదుగురిలో ఒకరు దాకా అనుకున్నంత ఫలితం రాలేదని అసంతృప్తితో ఉంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ఒకరు ఉంటారని ఆపరేషన్‌కి ముందే చెప్పాలి కదా.

ఇప్పుడు డాక్టర్ల తరఫున మాట్లాడతాను, వాళ్ళని తిట్టి పోవడం నా ఉద్దేశం కాదు. 67 దేశాల్లో డాక్టరు రోగితో గడిపే సమయం మీద 2017లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాల పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. బయట డెబ్బై టోకెన్లు ఉన్నప్పుడు ఎవరైనా ఏం మాట్లాడతారు? దానికి తోడు చదివిందంతా ఇంగ్లీషులో, చెప్పాల్సింది తెలుగులో. డీజనరేషన్‌ని తెలుగులో ఏమనాలో వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. సీనియర్ ఏమంటే జూనియర్ అదే అన్నాడు. ‘అరుగుదల’, ‘జారడం’, ‘గ్యాప్ రావడం’, ‘నరం నొక్కుకుపోవడం’ అలా చేతులు మారుతూ వచ్చిన మాటలే. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడటం గురించి ఎట్‌కామ్ అని ఒక పాఠ్యభాగం పెట్టారు, సంతోషం. అందులో తెలంగాణలోనో ఆంధ్రాలోనో చదివే పిల్లలు ఈ మాటల్ని తెలుగులో ఒకసారైనా పలికి చూస్తే ఇంకా సంతోషం.

మన వాటా కూడా ఉందన్నాను కదా. సూది వేయని డాక్టరు దగ్గరికి రెండోసారి పోం. “నడవండి” అని చెప్పి అయిదు వందలు తీసుకుంటే దోపిడీ అంటాం, బెల్టు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం), కరెంటు పెట్టడం, పదకొండు రకాల బిళ్ళలు ఇస్తే మంచి డాక్టరంటాం. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మామూలుగా ఇవ్వవద్దన్న వాటిలో బెల్టులూ ట్రాక్షనూ ఉన్నాయి. వ్యాయామం, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం, చేయమన్న వాటిలో ఉన్నాయి. చెప్పడాన్ని కూడా ఒక చికిత్సగా జాబితాలో రాశారు. నా బెల్టు ఇప్పుడు స్టోర్ రూంలో పాత చాపల్ని చుట్టి కట్టడానికి పనికొస్తోంది.

అయినా సరే, సమయం లేదన్న వాదన నేను పూర్తిగా ఒప్పుకోను. “గుజ్జు అరిగిపోయింది, మెట్లెక్కొద్దు” అనడానికి ఎంతసేపో, “మీ వయసుకి కీలు ఇలాగే ఉంటుంది, కండ బలం పెంచితే మెట్లెక్కొచ్చు” అనడానికీ అంతే సేపు. సౌతాంప్టన్‌లో ఒక జనరల్ డాక్టరు 1987లోనే దీన్ని చూశాడు. ఫలానా జబ్బని తేల్చలేని బాధలతో వచ్చిన 200 మందిలో, కొందరికి ఇది ఫలానా, కొద్ది రోజుల్లో నెమ్మదిస్తుంది అని ధీమాగా చెప్పాడు. కొందరితో నాకూ సరిగ్గా తెలియడం లేదన్నాడు. రెండు వారాలకి మొదటివాళ్ళలో 64 శాతం, రెండోవాళ్ళలో 39 శాతం కుదుటపడ్డామన్నారు. మందు రాసినా రాయకపోయినా పెద్ద తేడా లేదట. అవి చిన్నాచితకా బాధలు, తొమ్మిదేళ్ళ మోకాళ్ళు కావు, నిజమే. ఆ ధీమాలో కాస్త అబద్ధమూ ఉంది. నాకు కావాల్సింది అబద్ధం కాదు. కొలత.

ఆ కొలతతో మాట్లాడిన మనిషి మాకు రెండేళ్ళ కిందట దొరికింది. డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అమ్మని ముందు అడిగిన ప్రశ్న నొప్పి గురించి కాదు. “తగ్గితే ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?” అంది. అమ్మ తడుముకుని, “ముగ్గేసుకోవాలి తల్లీ. మెట్ల మీద తిరుమల వెళ్తానని మొక్కుంది, అది ఎలాగూ కాదులే” అంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఆ అమ్మాయి నవ్వలేదు. రాసుకుంది.

తర్వాత చెప్పింది, నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. “షుగర్ ఉందనుకోండి, పోతుందా అని అడుగుతారా? అదుపులో ఉందా అని అడుగుతారు. ఇదీ అంతే. మొత్తం పోతుందని నేను చెప్పను. మూడు నెలలు చేస్తే ఇప్పుడున్న దాంట్లో మూడో వంతు, బాగా కుదిరితే సగం పోవచ్చు. మొదటి రెండు వారాలు కొంచెం పెరుగుతుంది కూడా. వ్యాయామం చేస్తున్నప్పుడు పదికి మూడు నాలుగు దాకా నొప్పి వస్తే రానివ్వండి. మర్నాడు పొద్దుటికి దిగిపోతే మంచిదే. దిగకపోతే ఆ రోజు సగం చేయండి. నొప్పి వచ్చిందంటే ఏదో పాడైపోయిందని కాదు, కీలు అలవాటు పడుతోందని.” అమ్మ వెంటనే, “మరి అరిగిపోతుందేమో?” అంది. “మీరు ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నడవకుండా ఎలా తగ్గుతారు మరి?” అంది ఆ అమ్మాయి. కాలు ఉన్నట్టుండి బలం పోయినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా, జ్వరంతో నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇవేవీ చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పొమ్మని కూడా చెప్పింది. అది చెప్పకపోతే నేను నమ్మేదాన్ని కాదేమో. దేనికి భయపడాలో చెప్పింది కాబట్టే మిగతావాటికి భయపడొద్దన్నా నమ్మాం.

పది రోజులకి నిజంగానే నొప్పి పెరిగింది. పాత రోజులైతే ఫ్రిజ్ మీద డబ్బాలో పడేసే ఘడియ అది. “రెండు వారాలు పెరుగుతుందందిగా” అని అమ్మే నాకు చెప్పింది.

ఇప్పుడు నొప్పి ఉంది. వర్షాకాలంలో ఎక్కువే ఉంది. నెలలో నాలుగైదు రోజులు బిళ్ళ వేసుకుంటుంది. తిరుమల మెట్లు ఎక్కలేదు, ఎక్కుతుందని నేననుకోవడం లేదు, ఆవిడ మాత్రం అనుకుంటోంది. పోయిన ధనుర్మాసంలో చిన్న స్టూలు మీద కూర్చుని, జరుపుకుంటూ జరుపుకుంటూ, పదిహేను చుక్కల ముగ్గు తనే వేసింది. మధ్యలో రెండుసార్లు లేచి కాళ్ళు విదిలించుకుంది.

మొన్న నేను ఊళ్ళో ఉండగా పక్కింటి సుబ్బులత్తయ్య ఎక్స్‌రే కవరు పట్టుకుని వచ్చింది. గుజ్జు అరిగిపోయిందంట వదినా, అని మొదలుపెట్టింది. అమ్మ కవరు తీసి చూడను కూడా చూడలేదు.

“తగ్గుతుందన్నాడా?”

“ఆ, తగ్గుతుందన్నాడు.”

“ఎంత?”

అత్తయ్య అమ్మ మొహం వంకా నా మొహం వంకా చూసింది. “ఎంతేంటి? అదడగలేదు” అంది. వచ్చే సోమవారం మళ్ళీ రమ్మన్నారట.